పాకం ఆవిరిలో పన్నెండు పాయింట్ ఆరు

ముప్పై ఏళ్ళకు పైగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి పోయినేడాది రిటైరయ్యాను. ఎన్ని వేళ్ళకు సూది గుచ్చానో లెక్క లేదు. కానీ చేతులు గుర్తుంటాయి. పసుపు అంటిన చేతులు, చెరకు ఆకు కోసిన గీతలున్న చేతులు, సూది చూడగానే వెనక్కి లాగేసుకునే చేతులు. ముఖాలు మాత్రం మర్చిపోతాను. బజార్లో ఎవరైనా "బాగున్నారా మేడమ్" అని పలకరిస్తే, వాళ్ళు సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నప్పుడు గానీ ఎవరో తెలియదు నాకు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మీకు ఒక్క చేతి సంగతి చెబుతాను. ఆ చేతికి నేను తప్పు చెప్పాను.

మేం చేరిన కొత్తలో రక్తంలో హిమోగ్లోబిన్ ఎంతుందో చూడాలంటే పెద్ద తతంగం. సన్నటి గాజు గొట్టంతో రక్తం నోటితో పీల్చి, యాసిడ్‌లో కలిపి, చుక్క చుక్కగా నీళ్ళు పోస్తూ, కిటికీ దగ్గర పెట్టుకుని, పక్కనున్న గోధుమరంగు గాజుతో రంగు కలిసిందా లేదా అని చూసేవాళ్ళం. మబ్బేస్తే ఒక అంకె, ఎండ కాస్తే ఇంకో అంకె. నా కన్ను పది అంటే పక్కనున్నాయన కన్ను పదకొండు అనేది. పెద్దవాడు కాబట్టి ఆయన కన్నే రిజిస్టరులోకి ఎక్కేది.

సర్వీసు చివరి రోజుల్లో మా ఆరోగ్య కేంద్రానికి ఒక చిన్న మిషన్ వచ్చింది. సబ్బుబిళ్ళంత. దాని నోట్లో సన్నటి స్ట్రిప్పు పెట్టి, స్ట్రిప్పు చివర రక్తపుచుక్క తాకిస్తే చాలు, పది పదిహేను సెకన్లలో అంకె. ఆడవాళ్ళకి పన్నెండు, ఆ పైన ఉంటే మంచిది. స్ట్రిప్పు మీద పల్చటి మందు పూత ఉంటుంది. రక్తం తగలగానే ఆ మందుకూ రక్తంలోని ఇనుముకూ మధ్య ఏదో జరిగి అతి చిన్న కరెంటు పుడుతుంది. ఆ కరెంటును కొలిచి మిషన్ అంకెగా చెబుతుంది. ఇనుము ఎక్కువైతే కరెంటు ఎక్కువ. అంతే సంగతి.

అంతేనని ఇప్పుడంటున్నాను గానీ, అప్పట్లో ఆ మిషన్ మీద నాకు ప్రేమ పుట్టిందంటే నమ్మండి. మనుషుల ఒంట్లోంచి అంత సన్నటి కరెంటు తీసి మాటగా మార్చే వస్తువు అది. అనకాపల్లి నుంచి డ్యూటీకి బస్సులో వెళ్తూ, ఎదురు సీట్లలో కునుకు తీస్తున్నవాళ్ళ తలల మీద అంకెలు ఊహించుకునేదాన్ని. ఈవిడకి పదకొండు. ఆ ముసలాయనకి తొమ్మిదిన్నర. కిటికీ పక్కన పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న తల్లికి ఎనిమిది, పాపం. బస్సు చెరకు తోటల మధ్య ఊగుతూ పోయేది. అంకెలన్నీ తలల మీద మిణుగురుల్లా వెలిగి ఆరేవి. మా స్టాపు దాటిపోయాక లేచిన రోజులున్నాయి.

నాతో ఊళ్ళు తిరిగే నర్సు ఒకావిడ ఉండేది. నాకంటే రెండేళ్ళు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఊళ్ళో వాళ్ళు నర్సమ్మ అనేవారు. ఆవిడకి మిషన్లతో పనిలేదు. ఎదురుపడిన ప్రతి ఆడమనిషి గడ్డం పట్టుకుని, కింది రెప్ప బొటనవేలితో కిందికి లాగి, లోపలి ఎరుపు చూసేది. పెళ్ళిళ్ళలో కూడా చూసేది. పెళ్ళికూతుర్ని కూడా వదిలేది కాదు.

అది బెల్లం వండే కాలం. మునగపాక వైపు ఒక ఊళ్ళో ఆడవాళ్ళందరికీ రక్త పరీక్ష చెయ్యాలి. రెండుసార్లు సెంటరుకి రమ్మని కబురు పెట్టాం. నలుగురు కూడా రాలేదు.

"ఈ రోజుల్లో ఎవులు వత్తారే?" అంది అక్క. "పాకం దించీదాకా ఆడోళ్ళకి తల గోక్కోడానికి తీరికుండదు."

"వాళ్ళు రాకపోతే మనమే వెళ్దాం అక్కా. గానుగ దగ్గరే కూర్చుందాం."

"గానుగ కాడా? పొగా, ఆవిరీను..."

"చలికి హాయిగా ఉంటుంది."

అక్క నవ్వింది. "సరే, నీ ఇష్టం. రగతం నీది, రిజిస్టరు నాది."

మర్నాడు పొద్దున ఆటోలో బయల్దేరాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఆటోవాడు తల బయటపెట్టి నడుపుతున్నాడు. రోడ్డు పది అడుగుల ముందు పుట్టి, పది అడుగుల వెనక మాయమవుతోంది. ఊరు రాకముందే వాసన వచ్చింది. కాగే చెరకు రసం వాసన. కాస్త పచ్చిగా, కాస్త మాడుగా, గొంతులో తియ్యగా దిగే వాసన. తర్వాత మంచులో ఎర్రటి మచ్చ ఒకటి కనబడింది. అది పొయ్యి.

తాటాకుల పాక కింద మనిషి పడుకునేంత పెనం. అందులో రసం కుతకుతమంటోంది. పైన ఆవిరి, బయట మంచు. ఎక్కడ ఆవిరి అయిపోయి ఎక్కడ మంచు మొదలైందో తెలియదు. ఆడవాళ్ళు అందులోంచి వస్తున్నారు, అందులోకి పోతున్నారు. ముందు గాజుల చప్పుడు వినబడుతుంది, తర్వాత మనిషి కనబడుతుంది. వాళ్ళు మాట్లాడుకుంటుంటే ఆ మాటలు కూడా తడిసినట్టు మెత్తగా వినిపించాయి. నాకు ఏదో కలలోకి బల్ల వేసుకుని కూర్చున్నట్టుంది.

పెనానికి నాలుగడుగుల దూరంలో వెచ్చగా ఉన్నచోట బల్ల వేయించుకున్నాను. పొద్దున ల్యాబ్‌లో పరీక్ష ద్రవంతో మిషన్ సరిచూసుకునే బయల్దేరాను. అంతా సరిగ్గానే ఉంది. ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. ఆ స్ట్రిప్పుల డబ్బా మూత చాలా బిగువు. ఒక స్ట్రిప్పు తీసి వెంటనే మూత పెట్టాలి, మళ్ళీ తియ్యాలి, మళ్ళీ పెట్టాలి. అది డబ్బా మీద రాసే ఉంటుంది, నేనే ఎందరికో పాఠం చెప్పాను. కానీ గ్లౌజులేసుకున్న చేతులు, ఎదురుగా పనులు వదిలి నిలబడ్డ మనుషులు. త్వరగా అవుతుంది కదా అని డబ్బా మొత్తం ఒక శుభ్రమైన స్టీలు పళ్ళెంలో బోర్లించుకున్నాను.

మొదటావిడకి తొమ్మిది. రెండో ఆవిడకి తొమ్మిదీ పాయింట్ నాలుగు. తర్వాత పదిన్నర, పదకొండు. ఇంకాసేపటికి పన్నెండు, పన్నెండున్నర, పదమూడు. వరసలో వెనక్కి పోయేకొద్దీ ఊరు ఆరోగ్యంగా అయిపోతూ వచ్చింది. నాకు అనుమానం రాలేదు, ఆనందం వచ్చింది. అన్నాళ్ళుగా మాత్రలు పంచుతున్నాం, ఆకుకూరలు తినమని గొంతు చించుకుంటున్నాం, ఫలించింది అనుకున్నాను. ఒక్కొక్కరికీ అంకె చదివి వినిపిస్తుంటే వాళ్ళ ముఖాలు వెలిగేవి. "నాకు పదమూడు, నీకెంతే?" అని ఒకరినొకరు అడుక్కుంటున్నారు. పరీక్షలో మార్కుల్లాగ.

చివరికి పొయ్యిలోకి ఎండు చెరకు పిప్పి ఎగదోస్తున్న అమ్మాయి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయి. పెళ్ళై వచ్చి మూడేళ్ళు. మంట వదిలి రాలేక ఆఖరున వచ్చింది. బల్ల దాకా వచ్చి, బల్ల అంచు పట్టుకుని కాసేపు ఊపిరి పీల్చుకుంది.

"మేడమ్, నాలుగడుగులేత్తే ఆయాసం వత్తంది. గుండె దడదడా కొట్టుకుంటంది. మరీ..."

"ఉండమ్మా, ఇది చెప్తుంది," అన్నాను మిషన్ చూపించి. ఆ "మరీ" తర్వాత ఏముందో అడగలేదు.

చెయ్యి పట్టుకున్నాను. గోళ్ళు పాలిపోయి, మధ్యలో పల్లం పడి, చిన్న చెంచాల్లా ఉన్నాయి. ఒంట్లో ఇనుము బాగా తగ్గిపోతే గోళ్ళు అలా అవుతాయని నాకు తెలుసు. చూశాను. చూసి కూడా సూది గుచ్చాను. చుక్క స్ట్రిప్పులోకి జర్రున ఎక్కింది. రక్తం పల్చగా ఉంటే అంత జర్రున ఎక్కుతుంది. అదీ చూశాను.

పన్నెండు పాయింట్ ఆరు.

అక్క అప్పటికే ఆ పిల్ల రెప్ప లాగి చూస్తోంది. "ఇది తెల్లగా ఉందే," అంది.

"అక్కా, పొగకి నీ కళ్ళు మసకేశాయి. పన్నెండున్నర దాటింది, రాసుకో."

అత్తగారు గరిటె చేత్తో పట్టుకునే వచ్చింది. బక్కపల్చటి మనిషి, మోచేతుల దాకా పాకం చారలు. "ఎంతొచ్చిందమ్మా మా కోడలికి?"

చెప్పాను. మిషన్ తిప్పి అంకె చూపించాను కూడా.

"సూసేవా?" అంది ఆవిడ కోడలితో. తిట్టినట్టు కూడా అనలేదు, తగువు తీరినందుకు తేలికపడినట్టు అంది. "మిషనే సెప్పింది. నీకేటీ నేదంట. వొళ్ళు బద్ధకం, అంతే."

ఆ అమ్మాయి నావైపు చూసింది. అంకెవైపు చూసింది. వేలు నోట్లో పెట్టుకుని, ఆవిరిలోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి ఆరోగ్య కేంద్రానికి తిరిగొచ్చి వివరాలన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించేశాం. మా డాక్టరమ్మది అదే మొదటి పోస్టింగు. నా కూతురి వయసు. పేపరు చూసి ఆశ్చర్యపోయింది.

"నలుగురైదుగురికి తప్ప ఎవరికీ తక్కువ లేదా మేడమ్? చాలా బాగుందే!"

"ఈ మిషన్ చూశారా మీరు? ఎంత చక్కగా పనిచేస్తుందో," అని, ఆవిడకి చూపించాలని ఉత్సాహంతో నా వేలికే గుచ్చుకున్నాను. పళ్ళెంలో మిగిలిన స్ట్రిప్పులను తిరిగి డబ్బాలో వేసి తెచ్చాను, అందులోంచి ఒకటి తీసి పెట్టాను.

పదమూడు పాయింట్ ఒకటి.

నా రక్తం పదిన్నర దాటక పదేళ్ళయింది. అది నాకు తెలుసు. అయినా మీకు నిజం చెప్పాలి కదా, మొదట సంతోషించాను. ఆహా, నాకూ పెరిగింది అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, నేను పంచే మాత్రలు నేను వేసుకోను. పెరగడానికి ఏ దారీ లేదు.

కొత్త డబ్బా తెరిచాను. పది పాయింట్ నాలుగు. మళ్ళీ పాత డబ్బా. పదమూడు పాయింట్ మూడు.

అప్పుడే ఆయా టీ తెచ్చి బల్లమీద పెట్టింది. స్టీలు గ్లాసు, పైన ఆవిరి. ఎందుకు తోచిందో గానీ, కొత్త డబ్బాలోంచి ఒక స్ట్రిప్పు తీసి ఆ ఆవిరికి అడ్డంగా పట్టుకున్నాను. టీ చల్లారేదాకా అలాగే పట్టుకున్నాను. కిటికీలోంచి ఎండ పడి ఆవిరి బంగారు పోగుల్లా మెలితిరుగుతోంది. చూడ్డానికి ఎంత అందంగా ఉందో. తర్వాత ఆ స్ట్రిప్పును మిషన్‌లో పెట్టి, అదే వేలి నుంచి ఇంకో చుక్క.

పన్నెండు పాయింట్ తొమ్మిది.

తడి తగిలితే ఆ మందు రక్తం లేకుండానే మారిపోవడం మొదలుపెడుతుంది. లేని కరెంటు పుడుతుంది. ఆ దొంగ కరెంటుని కూడా మిషన్ రక్తం కింద జమకట్టింది. దాని తప్పేం లేదు. స్ట్రిప్పులన్నిటినీ పళ్ళెంలో పోసి పాకం ఆవిరికి పరిచింది నేను.

"మీరు ఖాయంగా చెప్పగలరా?" అంది డాక్టరమ్మ.

"చెప్పగలను."

"పంపేశాం కదా. ఇప్పుడు తప్పని రాస్తే వివరణ అడుగుతారు. మిమ్మల్నీ, నన్నూ."

"అడుగుతారమ్మా."

ఆవిడ పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి అంది. "మీరు రేపు పొద్దున్నే వెళ్ళి వాళ్ళందర్నీ మళ్ళీ చూడండి. రాయాల్సింది నేను రాస్తాను."

అక్కకి చెబితే రిజిస్టరు తెరిచి చూపించింది. ఆ పేజీ మొత్తం నీలం ఇంకు. చివరి వరస ఒక్కటీ పెన్సిలు.

"ఆ పిల్ల కన్ను సూసేను కదే. తెల్ల కలవపువ్వులా ఉంది. పెన్నుతో రాయడానికి సెయ్యాడలేదు."

"మరి అక్కడే గట్టిగా చెప్పొచ్చుగా అక్కా!"

"సెప్పేను. నువ్వు ఇన్లేదు."

మర్నాడు మళ్ళీ అదే మంచు. తప్పు ఒప్పుకోవడం నాకు కొత్త కాదు, ప్రతి ఆదివారం చర్చిలో ఒప్పుకుంటాను. కానీ అక్కడ అందరం కలిసి ఒక్క గొంతుతో ఒప్పుకుంటాం. ఎవరి తప్పేదో పక్కవాళ్ళకి తెలియదు. ఇక్కడ నేనొక్కదాన్నే, గానుగ ముందు, పాతికమంది ఆడవాళ్ళ ఎదుట నిలబడాలి.

నిలబడ్డాను. "నిన్న నేను మీకు చెప్పిన అంకెలు తప్పు. స్ట్రిప్పులకి ఆవిరి తగిలింది. నా పొరపాటు. ఇవాళ అందరికీ మళ్ళీ చూస్తాను," అన్నాను. గొంతు చిన్నగా వచ్చింది. పెనం చప్పుడు దాన్ని మింగేసింది. మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఒకే తప్పు రెండుసార్లు ఒప్పుకోవడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఒకావిడ నవ్వింది. "నిన్న మంచిదన్నావు, ఇయ్యాల సెడ్డదంటన్నావు. రేపేటంటావు మేడమ్?"

"మల్లీ రగతం తీత్తారేటి? తక్కువుందంటారు, ఉన్నది కాస్తా మీరే తీసుకుపోతారు!" అని ఇంకో ఆవిడ. అందరూ నవ్వారు. నాకు కోపం రాలేదు. వాళ్ళు తిడతారేమో అనుకుని వచ్చాను.

నేను పొయ్యి వైపు చూశాను. పిప్పి ఎగదోస్తున్నది వేరే ఎవరో ముసలావిడ.

"మీ కోడలేదమ్మా?" అని అత్తగారిని అడిగాను.

"పొలానికెల్లింది. సెరుకు మోపులు మోత్తంది."

"మోపులా?"

"మరేటమ్మా, నువ్వే కదా పన్నెండున్నరన్నావు. మోసీవోల్లు తక్కువున్నారు. బాగున్న మనిసిని పొయ్యి కాడ కూకోబెడతావేటి?"

నేనూ అక్కా పొలంవైపు నడిచాం. అంత మంచులో చెరకు తోటలో ఎప్పుడైనా నడిచారా మీరు? రెండు వైపులా తలకంటే ఎత్తు గోడలు. ఆకుల మీంచి నీళ్ళు బొట్లు బొట్లుగా మెడ మీద పడుతున్నాయి. ఎక్కడో కత్తులు టక్ టక్ మంటున్నాయి. కొట్టేవాళ్ళు కనబడరు. చప్పుడు కుడివైపు అనుకుంటే ఎడమవైపు నుంచి వస్తుంది. అక్క ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలుస్తోంది. ఆ పిలుపు కాస్త దూరం పోయి, ఆగిపోయి, తిరిగి మా దగ్గరికే వస్తోంది. ఎంతసేపు నడిచామో తెలియదు. ఐదు నిమిషాలే అయ్యుండొచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ ఒక్కోసారి ఆ చాలులోనే నడుస్తున్నట్టుంటుంది.

గట్టు మలుపులో కనబడింది. మోపు పక్కన పడి ఉంది. తను చెరకుకి వీపు ఆన్చి కూర్చుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. కొంగు చివర మూటలోంచి చిటికెడు పచ్చి బియ్యం తీసి నములుతోంది. మమ్మల్ని చూసి గబుక్కున కొంగు దాచుకుంది.

"లేద్దావనే అనుకుంటన్నాను మేడమ్," అంది. పెదవులు బూడిద రంగులో ఉన్నాయి. "కాళ్ళు లెగడం నేదు."

ఆ పచ్చి బియ్యం సంగతి కూడా మీకు తెలియాలి. ఇనుము తక్కువైన మనిషికి అలాంటివే తినాలనిపిస్తుంది. బియ్యం, మట్టి, బూడిద. ఇంట్లో వాళ్ళు చూస్తే తిడతారని దాచుకుని తింటారు.

ఇద్దరం చెరో చంకలో చెయ్యి వేసి లేపాం. నాలుగడుగులకోసారి ఆగుతూ ఊళ్ళోకి తీసుకొచ్చాం. అంగన్‌వాడీ గది తలుపులు తీయించి, కిటికీలు మూయించాను. పొడిగా ఉంది గది. డబ్బా మూత తీశాను, ఒక్క స్ట్రిప్పు తీశాను, టక్కున మూత పెట్టాను. ఆ చప్పుడు విని అక్క నావైపు చూసి, రిజిస్టరు తెరిచింది.

అయిదు పాయింట్ తొమ్మిది.

రెండో చేతి వేలికి మళ్ళీ చూశాను. అయిదు పాయింట్ ఎనిమిది.

అప్పటికి అత్తగారు పరుగున వచ్చింది. వెనకాల ఇంకో నలుగురైదుగురు. అంకె విని ఆవిడ ముఖం గట్టిపడింది.

"నిన్న పన్నెండు, ఇయ్యాల అయిదు. ఒక్క రోజులో ఏడు ఎక్కడికి పోనాయమ్మా?"

"ఎక్కడికీ పోలేదు. నిన్న కూడా లేవు. నేను లేనివి ఉన్నాయని చెప్పాను."

"మరి ఇయ్యాల సెప్పింది నిజమని ఏటి గేరంటీ?"

న్యాయమైన ప్రశ్న. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "నీకు నిన్న పదమూడు చెప్పాను. ఇవాళ చూస్తాను, ఉండు."

పది పాయింట్ రెండు. తర్వాత నా వేలికి. పది పాయింట్ నాలుగు. "ఇది నాది. నాకు ఏళ్ళుగా ఇంతే. నిన్న నాక్కూడా పదమూడే చూపించింది. నీకు తప్పే చెప్పాను, నాకు నేనూ తప్పే చెప్పుకున్నాను."

అక్క ఇంకేమీ మాట్లాడనివ్వలేదు. ఒక చేత్తో అత్తగారి గడ్డం, ఇంకో చేత్తో కోడలి గడ్డం పట్టుకుని ఇద్దరినీ ఎదురెదురుగా తిప్పింది. కోడలి రెప్ప కిందికి లాగింది. "నువ్వే సూడవే. మిషనొద్దు, నానొద్దు. నువ్వే సూసి సెప్పు."

అత్తగారు వంగి చూసింది. చాలాసేపు చూసింది. పాకం చారలున్న చేత్తో కోడలి చెంప తాకబోయి, చెయ్యి అంటుకుంటుందని వెనక్కి తీసుకుని, మోచేతి పైభాగాన్ని ఆనించింది. "మంచులా ఉన్నాదమ్మా మొకం," అంది. అంతే.

అక్క అందర్నీ బయటికి పంపి తలుపేసింది. మేం ముగ్గురమే మిగిలాం. నేను ముందురోజు మింగేయించిన ఆ "మరీ" అప్పుడు బయటికొచ్చింది. ఆరేడు నెలలుగా నెలసరి ఆగడం లేదు. పది రోజులు, పన్నెండు రోజులు. బట్టలు తడిసిపోతున్నాయి. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. ముందురోజు గానుగ దగ్గర, రక్తం చూసే ఆడమనిషి కదా అని, నాకు చెబుదామని వచ్చింది.

"నెంబరు సూపించేవు కదా మేడమ్," అంది. నన్ను తప్పుపట్టడానికి అనలేదు. జరిగింది చెబుతోంది. "దాంతో నాను నమ్మేసేను. అత్త ఎప్పుడూ అనీదే, నాను ఒప్పుకోలేదు. మిషన్ కూడా అన్నాక, నిజంగా నాదే బద్ధకం గావాల అనుకున్నాను. అందుకే పొద్దున్నే నానే మోపులకెల్తానన్నాను."

అత్తగారు పంపలేదు. తనే వెళ్ళింది. నేను పన్నెండు పాయింట్ ఆరు చెప్పి, తన ఆయాసాన్ని తనే నమ్మకుండా చేశాను. ఈ ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. వాటిలో ఒక్కటీ గుర్తులేదు. ఈ మాట గుర్తుంది.

డాక్టరమ్మకి ఫోన్ చేస్తే అంబులెన్సు పంపింది. నేనూ అత్తగారూ కూడా ఎక్కాం. అక్క ఊళ్ళో మిగిలిన వాళ్ళను చూడ్డానికి ఉండిపోయింది. టౌనులో పెద్దాసుపత్రిలో రక్తం ఎక్కించడం మొదలుపెట్టేసరికి మధ్యాహ్నమైంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆ చుక్కలు చూస్తూ ఉండిపోయాను. జీవితమంతా రక్తాన్ని ఒక్కో చుక్క తీశాను గానీ, ఒక్కో చుక్క తిరిగి మనిషిలోకి వెళ్ళడం అంత తీరిగ్గా ఎప్పుడూ చూడలేదు. కిటికీ బయట చెట్టు నీడ గోడమీద కదులుతోంది. అత్తగారు కింద కూర్చుని మంచం కోడుకి తలానించి నిద్రపోయింది. ఎన్నాళ్ళ నిద్రో. వార్డంతా ఏదో నీళ్ళ అడుగున ఉన్నట్టు నిశ్శబ్దంగా ఉంది. నా తలలో అంకెలేమీ లేవు. చాలా రోజుల తర్వాత ఒక మనిషి పక్కన అంకెలు లేకుండా కూర్చున్నాను.

సాయంత్రానికి ఆ అమ్మాయి కళ్ళు తెరిచి, "ఆకలేత్తంది మేడమ్. అన్నం తినాలనుంది," అంది. పక్క మంచం వాళ్ళని అడిగి పెరుగన్నం పెట్టించాను. మొత్తం తింది. అత్తగారు లేచి, కంచంలో మెతుకు మిగలకపోవడం చూసి, ముఖం అటు తిప్పుకుంది.

మిగతాది క్లుప్తంగా చెబుతాను. అక్క ఆ రోజు ఊళ్ళో ఎలా ఒప్పించిందో గానీ, ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ మళ్ళీ వేళ్ళిచ్చారు. సగానికి పైగా తక్కువే తేలాయి. డాక్టరమ్మ ఉన్నదున్నట్టు పైకి రాసింది. నాకు మెమో వచ్చింది. స్ట్రిప్పులు పళ్ళెంలో ఎందుకు పోశారని అడిగారు. త్వరగా అవుతుందని, అని రాశాను. అంతకంటే నిజమైన జవాబు నా దగ్గర లేదు. డాక్టరమ్మకీ ఒక మెమో వచ్చింది. దాన్ని మడిచి పర్సులో పెట్టుకుని, "మొదటి మెమో కదా మేడమ్, దాచుకుంటాను," అని నవ్వింది.

ఆ అమ్మాయికి గర్భసంచిలో గడ్డ ఉందని స్కానింగులో తేలింది. విశాఖలో తీయించారు. నెలల తరబడి మాత్రలు వాడింది. మధ్యలో రెండుసార్లు మందులకి ఆరోగ్య కేంద్రానికి వచ్చింది గానీ, ఆ రోజుల్లో నేను సెలవులో ఉండి చూడలేదు.

మరుసటేడు చెరకు నరికే రోజుల్లో ఒక మధ్యాహ్నం ల్యాబ్ గుమ్మంలో నిలబడింది. కాస్త ఒళ్ళు చేసింది. నేను ముఖం పోల్చుకోలేదు. కుర్చీలో కూర్చుని చెయ్యి బల్లమీద పెట్టాక, గోళ్ళు చూశాను. పల్లం లేదు. మొదళ్ళలో లేత గులాబీ రంగు.

"నువ్వా!" అని, సంతోషంతో మిషన్ తీసి, స్ట్రిప్పు కోసం డబ్బా అందుకున్నాను. ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. సూదికి భయపడి కాదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నావైపు సూటిగా చూసింది.

"ఉండు మేడమ్. ముందు నన్నడుగు. తర్వాత దాన్నడుగుదువు గాని."

డబ్బా కింద పెట్టాను. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"ఎలా ఉన్నావమ్మా?" అని అడిగాను.

చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది.